తలపులోని బలాత్కారము



ఈ మాసము వచ్చిన జాబులలో నొకటి బోధను చేరువను, నిజాంసాగరు కాలువ క్రింది పల్లెనుండి వచ్చినది. వ్రాసిన సోదరి పేరును, ఊరును చెప్పను. పెండ్లియై ఆరేండ్లయినదట. భర్త వరియు, కొంత చెరకును పండించుకొను రైతు, నెమ్మదివాడు, ఆమెపై చేయి యెత్తి యెరుగడు. ఒకనాటి రాత్రి ఆయన, స్త్రీని బలవంతముగా లోబరచుకొనునట్టి యూహలు అప్పుడప్పుడు తన మనస్సున మెదలుచుండునని తనంతట తానే చెప్పి, సిగ్గుపడి యూరకుండెను. నాటినుండి ఆమెకు కంటికి కునుకు లేదు. దసరా సెలవులకు వచ్చెదనన్న చెల్లెలిని రమ్మనవలెనా, వలదా యని నన్నడుగుచున్నది. జాబు చివర, వేరొక సిరాతో, ఇంకను రెండు పంక్తులు కలవు: తానే బలాత్కారమునకు లోనైనట్లు పెండ్లికి ముందునుండియు తనకును ఊహలు వచ్చుచుండునట. "నేను చెడ్డదాననా?" అని ప్రశ్న.

ఇట్టి సంగతి కుటుంబ పత్రికలో నేలయని కొందరు పెద్దలు కోపింతురు. కోపింతురు గాక. అడిగినది గృహిణి, అడుగుటకు ఆమెకు మరియొక చోటు దొరకలేదు.

చివరి ప్రశ్నకే మొదట జవాబు చెప్పెదను. కాదు, అమ్మా. క్రిటెల్లీ, బివోనా యను నిద్దరు మనశ్శాస్త్రజ్ఞులు ముప్పది యేండ్ల పరిశోధనలను ఒకచోట చేర్చి 2008లో ప్రకటించిన దానినిబట్టి, నూటికి 31 మొదలు 57 మంది వరకు స్త్రీలకు అట్టి యూహలు వచ్చియున్నవి. అవి చాలవరకు అమెరికా స్త్రీల లెక్కలు, మన పల్లెలవి కావు. అయినను ఇది యొక్కరికి పట్టిన పీడ కాదని తెలియుటకు అవి చాలును. ఊహలోని బలవంతుని పుట్టించునది ఆమెయే, వలదనుకొన్న క్షణమున తుడిచివేయునదియు ఆమెయే. నిజమైన బలాత్కారమునందు ఆమెకు లేకుండపోవునది ఆ యధికారమే. కావున "మనసులో నున్నది గనుక కోరినదే" యను మాట మగడు పలికినను, కోర్టులో వకీలు పలికినను, అబద్ధము.

ఇక భర్త సంగతి. తలపే విత్తనము, నేడో రేపో చేతయై మొలచునని కొందరందురు. తూము తీయకున్న కట్ట తెగును, ఊహలలో వెళ్లబోసికొన్నవాడు నిజముగా చేయడని మరికొందరందురు. మంజీరమీద 1931లో కట్ట పూర్తియైన నాటినుండి ఆ సీమవారికి తూముల సంగతి బాగుగా తెలియును గనుక ఈ రెండవ మాట వారికి నచ్చవచ్చును. కాని మనస్సు చెరువు కాదు. నాకు తెలిసినంతలో ఈ రెండు వాదములును సగము సగమే.

మక్కల్లోకును, అతని సహచరులును ఇంగ్లండులో ఒక ప్రత్యేక వైద్యశాలయందు నిర్బంధములోనున్న 16 మంది క్రూరనేరస్థులను పరీక్షించి 1983లో వ్రాసిరి. వారిలో 13 మంది నేరమునకు పూర్వము అట్టి యూహలలో మునిగి తేలినవారే. ఇది చదివి భయపడని యిల్లాలుండదు. అయినను క్షయరోగి దగ్గును గాని, దగ్గిన ప్రతివాడును క్షయరోగి కాడు. మరియొకటి చూడుడు: ఆ నేరస్థులలో పలువురు ఊహతో నాగక, స్త్రీలను వెంబడించుట వంటి పనులు చేసి, తమ యూహను కొంచెము కొంచెముగా నిజములో పరీక్షించి చూచుకొనిరి. భయపడవలసిన గుర్తు అది. అమెరికాలో నీల్ మాలమత్ అను పండితుడు ఏండ్ల తరబడి పరిశోధించి తేల్చినదియు దీనికి దగ్గరగానే యున్నది. స్త్రీలయెడ పగయు, ఆడుదానిని అణచుటయే మగతనమను నమ్మకమును ముందే కలవానికి హింసతో కూడిన బొమ్మలు అగ్నికి ఆజ్యమగును. అవి లేనివానియందు ఆ బొమ్మలకును నడతకును సంబంధము మిక్కిలి స్వల్పము.

ఊహలను విడిచి, జరిగినదాని నొకటి చూతము. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక పేద స్త్రీని పోలీసులు చెరచిరి. ఆమె భర్త దెబ్బలకు మరణించెను. న్యాయమూర్తి ముక్తదర్ విచారణలో పోలీసులు దోషులని తేలినను, తరువాత రాయచూరు కోర్టు వారిని విడిచిపెట్టెను. నడత మంచిది కాదని ఆమెనే ఆడిపోసిరి. ఆ పోలీసుల తలలలో ఏ యూహలుండెనో యెవ్వరికిని తెలియదు. ఠాణా వారిది, లాఠీ వారిది, అడుగువాడు లేడను ధైర్యము వారిది. ఇది మాత్రము అందరికిని తెలియును.

అందువలన నే నా సోదరికి జాబు వ్రాసి ఒక్కటే యడిగితిని: "మీరు వద్దన్న రాత్రి ఆయన యేమి చేయును?" పదిదినములకు జవాబు వచ్చినది. "ప్రక్కకు తిరిగి పండుకొనును. తెల్లవారి తానే చాయ కాచును. మోము ముడుచుకొనడు." ఈ మూడు మాటలును నాకు పెద్ద సాక్ష్యము. వద్దన్నను వినక, అలిగి, బెదిరించి, తన మాట చెల్లించుకొను మగవాడైనచో, ఆతడు తన యూహలను చెప్పినను చెప్పకున్నను నా జవాబు వేరు. అట్టి యింటి సోదరీ, 2005 నాటి గృహహింస చట్టము భర్త చేయు లైంగిక హింసను కూడ హింస యనియే చెప్పుచున్నది. ఫోను 181కి చేయుడు, లేదా జిల్లాలోని సఖి కేంద్రమునకు పొండు.

చెల్లెలి మాట మిగిలినది. మన దేశపు నేరాల లెక్కలలో ఏటేట నూటికి తొంబదికి పైగా అత్యాచారపు కేసులందు నిందితుడు ఎరిగినవాడే కనబడుచున్నాడు. కావున భర్త మంచివాడని నేను వ్రాసినంతమాత్రమున ఆ ప్రశ్న తీరదు. చెల్లెలినే యడుగుడు. ఇదివరలో వచ్చినప్పుడు బావయెదుట జంకెనా? ఒంటరిగా నున్నప్పుడు ఆయన మాట మారెనా? ఈ సంగతియేదియు ఆమెకు చెప్పనక్కరలేదు, ఊరకే యడిగి వినుడు. ఆమె నవ్వి కొట్టివేసినచో, బతుకమ్మకు పూలు కోయువేళకే రమ్మని వ్రాయుడు. ఒక్క క్షణము తటపటాయించెనా, ఈ దసరాకు మీరే పుట్టింటికి పొండు. కారణము ఎవ్వరికిని చెప్పవలసిన పని లేదు.