కందికి కాపలా గింజలోనే ఉంది

కంది చేను పూత, పిందె మీదున్నప్పుడు శనగపచ్చ పురుగు ఏం చేస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తల కాయలో, ఒళ్లు బయట పెట్టుకుని గింజ తినేస్తుంది. నిరుడు మాలో కొందరం ఒకే పైరుకు నాలుగుసార్లు మందు కొట్టాం. వెళ్లినప్పుడల్లా దుకాణదారు కొత్త డబ్బా చేతిలో పెట్టాడు. పురుగు తగ్గలేదు, బాకీ పెరిగింది.

అలాగని మొక్క చేతులు కట్టుకుని కూర్చోలేదు. తిన్నది అరగాలంటే పురుగు పేగులో ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ వంటి జీర్ణరసాలు పనిచేయాలి. వాటిని పట్టి ఆపే చిన్న మాంసకృత్తులు కంది, సోయా, బొబ్బర గింజల్లో ఉన్నాయి. ప్రోటియేజ్ నిరోధకాలంటే ఇవే. వీటిలో బౌమన్-బిర్క్ రకం సుమారు 70 అమైనో ఆమ్లాల గొలుసు. 7 గంధకపు ముళ్లతో బిగించి ఉంటుంది గనుక అంత తేలిగ్గా విడిపోదు. దానికి రెండు కొక్కేలు. సోయాలోనైతే ఒకటి ట్రిప్సిన్‌కు, రెండోది కైమోట్రిప్సిన్‌కు అడ్డం పడుతుంది. తిండి ఒంటబట్టక పురుగు ఎదగదు. (పప్పు ఉడికిస్తే వీటి బలం చాలావరకు పోతుంది, మన కడుపుకు భయం లేదు.)

మరి కందిని పురుగెలా తింటోంది? అదీ తక్కువది కాదు. అలవాటైన నిరోధకాలకు చిక్కని జీర్ణరసాలు తయారుచేసుకుంటుంది. అడవి కంది జాతుల నిరోధకాలు మాత్రం దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాయని పరిశోధనల్లో తేలింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ భాండాగారంలో 13 వేలకు పైగా కంది నమూనాలున్నాయి. అవి ఎవరి చేలలోంచి వచ్చాయి? మనలాంటి రైతుల చేలలోంచే.

మా పేచీ ఇక్కడే. ఆఫ్రికా రైతులు తరతరాలుగా విత్తి నిలిపిన పంట బొబ్బర. దాని నిరోధక జన్యువును ఇంగ్లండులోని డర్హం శాస్త్రజ్ఞులు పొగాకులోకి ఎక్కించి 1987లో ప్రకటించారు. దాని మీద పేటెంట్లూ వచ్చాయి. విత్తి కాపాడినవాళ్లు ఆ కాగితాల్లో ఎక్కడా లేరు. రేపు అడవి కంది గుణాన్ని ఏటా కొనాల్సిన విత్తనంలో పెట్టి మనకే అమ్మితే ఊరుకుంటామా?

మన పేటెంటు చట్టం విత్తనాల మీద పేటెంటు ఒప్పుకోదు. 2001 చట్టం 39వ సెక్షన్ విత్తనం దాచుకునే, మార్చుకునే, బ్రాండు లేకుండా అమ్ముకునే హక్కు మనకిచ్చింది. కాబట్టి ప్రభుత్వ సొమ్ముతో, అడవి జాతులతో సంకరం చేసి, దాచుకుని మళ్లీ విత్తుకోగల సూటి రకాలే తీయాలి. వాటిని ముందు మా చేలలో, మా కళ్లముందు పరీక్షించాలి.

వచ్చే మండల సమావేశానికి మీ ఇంట్లో దాచిన పాత కంది రకం పిడికెడు తెండి. ఏ రకానికి పురుగు తక్కువ పడుతుందో పొట్లం మీద రాయండి.