ఆటలో అవినీతి: చట్టసభ ఏం చేయాలి?

క్రికెట్‌లో కుంభకోణం బయటపడినప్పుడల్లా పార్లమెంటు విచారణ జరపాలన్న డిమాండు వినిపిస్తుంది. ఆటలోకి రాజకీయాలు తేవద్దని క్రీడా సంఘాల పెద్దలు అభ్యంతరం చెబుతారు. ఆ పెద్దలలో పలువురు రాజకీయ నాయకులే కావడం వేరే సంగతి!

2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రానియే బండారం బయటపెట్టారు. ఆ దేశ ప్రభుత్వం న్యాయమూర్తి కింగ్ అధ్యక్షతన కమిషన్ వేసి బహిరంగంగా సాక్ష్యాలు విన్నది. మన దగ్గర సిబిఐ నివేదిక ఇచ్చింది, శిక్ష మాత్రం క్రికెట్ బోర్డు వేసింది. ఆ డిసెంబరులో మన హైదరాబాదీ అజారుద్దీన్‌పై జీవితకాల నిషేధం పడింది. అది చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పేసరికి 2012 నవంబరు వచ్చింది. ఈలోగా 2009లో మొరాదాబాద్ ప్రజలు ఆయనను లోక్‌సభకు పంపారు. చట్టాలు చేయడానికి అర్హుడైన మనిషి బోర్డు దృష్టిలో మాత్రం వెలివేతలోనే ఉన్నాడు.

ఆయన దోషా, నిర్దోషా అన్నది మా వాదన కాదు. మైనారిటీ వాడిని కనుకనే ఈ నింద అని ఆయన ఆనాడు అన్న మాటనూ మేము సమర్థించము. నాడు అజయ్ శర్మ, జడేజా, ప్రభాకర్‌లపైనా బోర్డు వేటు వేసింది. అయితే నింద అందరిపైనా ఒకే బరువుతో పడదు. ఇతరుల విషయంలో అది ఆ ఒక్కరితో ఆగుతుంది. మన విషయంలో వీధి చివరి టీ కొట్టు దాకా వచ్చి, దేశభక్తిని నిరూపించుకొమ్మంటుంది. 2021 అక్టోబరులో ఒక్క మ్యాచ్ ఓడినందుకు షమీ ఎన్ని దూషణలు పడ్డాడో చూశాము. అతనిపై ఆరోపణ కూడా ఏదీ లేదు. అందుకే నాలుగు గోడల మధ్య సాగే విచారణ మనకు మరింత ప్రమాదకరం.

చట్టసభ ఆటగాళ్లను బోనెక్కించాలని మేము కోరడం లేదు. కెమెరాల ముందు సభ్యులు పోటీపడి ప్రశ్నించే తంతులో న్యాయం మిగలదు. అది విచారించవలసింది తన లోపాన్నే. మ్యాచ్ ఫిక్సింగ్ భారత శిక్షాస్మృతి 420వ సెక్షన్ కింద మోసం కాదని 2022లో కర్ణాటక హైకోర్టు చెప్పింది. దానిని నేరంగా ప్రకటించాలని లోధా కమిటీ 2016లోనే సూచించింది. 2013 నాటి ముసాయిదా బిల్లు ముసాయిదాగానే మిగిలిపోయింది. చిన్న దేశం శ్రీలంక 2019లో ఆ చట్టం చేసి చూపింది.

నేరానికి నిర్వచనం ఉంటే నిందితునికి న్యాయవాది ఉంటాడు, సాక్ష్యానికి కొలత ఉంటుంది, అప్పీలుకు దారి ఉంటుంది. స్థాయీ సంఘం బోర్డు పెద్దలను పిలిచి, తమ క్రమశిక్షణ విచారణలు ఎలా జరుపుతున్నారో అడగాలి. క్రీడా సంఘాలలో పదవులున్న ఎంపీలు ఆ రోజు పక్కకు తప్పుకోవాలి.

రానున్న సమావేశాలలో ఈ అంశం లేవనెత్తుతారా అని మన రెండు రాష్ట్రాల ఎంపీలను అడుగుతున్నాము. పాఠకులూ తమ ఎంపీకి ఒక ఉత్తరం రాయగలరు.