హైడ్రోజన్ ఎక్కడికి పోయింది?

ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి ఫార్మా కంపెనీల చుట్టూ తిరుగుతున్నారా? కెమికల్ ఇంజనీరింగ్ చదివి, పైథాన్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కి పోదామా అని ఊగిసలాడుతున్నారా? కాసేపు ఆగి ఈ ఒక్క రియాక్షన్ కాగితం మీద వేయండి. నేను ఒక ఇంటర్వ్యూలో బోల్తా పడింది దీని దగ్గరే.

బెంజీన్ రింగ్ మీద పైరోలిడిన్ ఉంది. పక్కనే, ఆర్థో స్థానంలో, ఆల్డిహైడ్. దానికి మాలోనోనైట్రైల్ కలిపితే నోవెనాగెల్ జరిగి నీరు పోతుంది, ఎలక్ట్రాన్ల కోసం ఆకలిగా ఉన్న డబుల్ బాండ్ వస్తుంది. ఇంతవరకూ అందరికీ వచ్చు. 'ఇప్పుడు ఊరికే వేడి చేస్తే?' అని అడిగారు. రియేజెంట్ ఏదీ లేదు కాబట్టి ఏమీ జరగదన్నాను.

జరుగుతుంది. నైట్రోజన్ పక్క కార్బన్ మీదున్న హైడ్రోజన్ రెండు ఎలక్ట్రాన్లను వెంటబెట్టుకుని, అంటే హైడ్రైడ్‌గా, డబుల్ బాండ్‌లో బెంజీన్ రింగ్‌కి అంటుకున్న కార్బన్ మీదికి దూకుతుంది. ఇదే 1,5-హైడ్రైడ్ షిఫ్ట్. ఇటు ఇమీనియం, అటు కార్బానయాన్ మిగులుతాయి. రెండూ కలిస్తే కొత్త రింగ్, టెట్రాహైడ్రోక్వినోలిన్. బయటి నుంచి ఆక్సిడెంట్ లేదు, రిడక్టెంట్ లేదు. ఆక్సిడేషన్, రిడక్షన్ రెండూ ఒకే అణువులో అయిపోయాయి. ఇలాంటి రియాక్షన్లకు మెత్-కోన్, సుషిట్జ్‌కీ 1972లో 'టెర్ట్-అమైనో ఎఫెక్ట్' అని పేరు పెట్టారు.

మన నోట్సుల్లో ఇలాంటివి 'నేమ్ రియాక్షన్స్' జాబితాలో ఒక లైనుగా ఉంటాయి. బట్టీ కొట్టేస్తాం. ప్రొడక్ట్ పేరు ఇప్పుడు చాట్‌బాట్ కూడా చెప్పేస్తుందండీ, దానికి మీకు జీతం ఎందుకివ్వాలి? ప్యానెల్ అసలు అడిగేది ఆ తర్వాత. అదే అమైన్‌ను పారా స్థానంలో పెడితే? హైడ్రైడ్‌కి అంత దూరం అందదు, రింగ్ రాదు. పైరోలిడిన్ తీసి మార్ఫోలిన్ పెడితే? అందులోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను లాగేసుకుంటుంది కాబట్టి హైడ్రైడ్ అంత తేలిగ్గా వదలదు, రియాక్షన్ నెమ్మదిస్తుంది.

నాకు బాగా నచ్చే ప్రశ్న ఇంకొకటి: హైడ్రోజన్ అదే మాలిక్యూల్‌లో కదిలిందని, పక్క మాలిక్యూల్ నుంచి రాలేదని ఎలా నిరూపిస్తారు? ఒకదానిలో నైట్రోజన్ పక్కన డ్యుటీరియం పెట్టండి. రెండోదానిలో మామూలు హైడ్రోజనే ఉంచి, గుర్తుపట్టడానికి రింగ్ మీద ఒక మిథైల్ తగిలించండి. రెండూ ఒకే ఫ్లాస్క్‌లో వేడి చేసి మాస్ స్పెక్ట్రమ్ తీయండి. మిథైల్ ఉన్న ప్రొడక్ట్‌లో డ్యుటీరియం కనిపించకపోతే అది ఇంట్రామాలిక్యులరే. కోడ్‌లో బగ్ వెతకడానికి లాగ్ పెట్టుకుంటామే, సరిగ్గా అలాగే.

ప్లాంట్ వైపు నుంచి కూడా ఆలోచించి వెళ్లండి. ఆక్సిడెంట్ వాడకపోతే దాని వ్యర్థాన్ని శుద్ధి చేసే ఖర్చు ఉండదు. కానీ వేడి కావాలి, ఆర్థో స్థానంలో అమైన్ ఉన్న ఆల్డిహైడ్‌ను ముందే తయారు చేసుకోవాలి. సాధారణంగా 2-ఫ్లోరోబెంజాల్డిహైడ్‌లో ఫ్లోరిన్‌ను అమైన్‌తో తప్పించి చేస్తారు. ఆ ఫ్లోరిన్ ఎందుకంత తేలిగ్గా పోతుందో కూడా అడుగుతారు, చూసుకుని వెళ్లండి.