గోదావరి గట్టున నడకదారి కావాలి

గోదావరి ఒడ్డున పుట్టి, అడవి పక్కన పెరుగుతున్న పిల్లలు దుప్పిని పుస్తకంలో బొమ్మగానే చూడవలసి రావడం విచారకరం. ఖానాపూర్, కడెం ప్రాంతాల పల్లెల్లో చాలామంది పిల్లల పరిస్థితి నేడు ఇదే. జన్నారంలో జీపు ఎక్కి అడవి చూసి వెళ్లేది ఎక్కువగా పట్నం నుంచి వచ్చినవారే. అడవి అంచున బతికేవారికి ఆ జీపు ఖర్చు బరువు. కుటుంబమంతా కలసి, పైసా ఖర్చు లేకుండా, భయం లేకుండా నాలుగు అడుగులు వేసి పక్షినీ జంతువునూ చూసి వచ్చే చోటు ఒక్కటైనా ఈ ప్రాంతంలో ఉండాలి.

అందుకు కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. ఖానాపూర్‌కు ఒకవైపు గోదావరి, మరోవైపు కవ్వాల అడవి. మేడంపల్లి వద్ద నిజాం కాలంలో, 1891–92లో కట్టిన సదర్మాట్ ఆనకట్ట నేటికీ పొలాలకు నీరిస్తున్నది. 2018లో దీనికి అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారి వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా లభించింది. ఆ పక్కనే కడెం జలాశయం. కవ్వాల 1965 నుంచి అభయారణ్యం, 2012 నుంచి పులుల సంరక్షణ కేంద్రం. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, అడవిదున్న, ఎలుగుబంటి, చిరుత, రేచుకుక్క అన్నీ ఆ అడవి జీవులే. నీళ్ల దగ్గర కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు సరేసరి. చలికాలం వచ్చిందంటే హిమాలయాల అవతలి నుంచి బాతులు, చక్రవాకాలు తెలంగాణ చెరువులకు, జలాశయాలకు తరలి వస్తాయి. ఇంత సంపద ఇంటి ముందుంచుకుని పిల్లలకు చూపకపోవడం మన లోపమే.

చూస్తే ఏమి వస్తుందని అడిగేవారు ఉండవచ్చు. తీతువు పిట్టనే తీసుకుందాం. అది రాత్రిపూట అరిస్తే కీడు అని మన ఇళ్లలో పెద్దలు భయపడతారు. నిజానికి తీతువు గూడు కట్టదు. రాళ్ల నేల మీదనే, రాళ్ల రంగులో కలిసిపోయే గుడ్లు పెడుతుంది. మనిషి గాని, నక్క గాని అటు వస్తే గుడ్లను కాపాడుకునేందుకు గోల చేస్తుంది. అది తల్లి పడే ఆరాటమే గాని చావు కబురు కాదు. ఒకసారి ఆ గుడ్లను కళ్లారా చూసిన పిల్లవాడు మళ్లీ ఆ పిట్టపై రాయి విసరడు.

ఇందులో మరో ముఖ్యమైన సంగతి కూడా ఉన్నది. మన రైతుకు అడవి జంతువు అంటే మొదట గుర్తుకు వచ్చేది అడవిపంది తొక్కిన మక్క చేను, కోతి పాడు చేసిన కూరగాయల మడి. ఆ కోపం అర్థం లేనిది కాదు. అయితే ఆ కోపంతోనో, మాంసం ఆశతోనో కొందరు పెట్టిన కరెంటు తీగలకు ఉమ్మడి ఆదిలాబాద్ అడవుల్లో పులులూ చచ్చాయి, మనుషులూ చచ్చారు. పంట నష్టానికి పరిహారం సకాలంలో ఇవ్వడం ప్రభుత్వం పని. జంతువును శత్రువుగా మాత్రమే చూడని తరాన్ని తయారు చేయడం ఊరి పని. దానికి ఉపన్యాసాల కన్నా తల్లిదండ్రుల చేయి పట్టుకుని నడిచిన ఒక ఉదయం ఎక్కువ మేలు చేస్తుంది.

ఇది జరగని పని కాదు. ఖానాపూర్‌ను దాటిన గోదావరి నీరు సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దగ్గరలో కోరింగ అభయారణ్యం ఉన్నది. 1978లో ఏర్పడిన ఆ మడ అడవిలో బురద మీదుగా చెక్కలతో నడకదారి వేశారు. ముసలివారు, చంటిపిల్లల తల్లులు కూడా కాలికి బురద అంటకుండా నడిచి చెట్లను, పక్షులను చూసి వస్తున్నారు. చేపలు పట్టి తినే బావురుపిల్లి, నీటికుక్క వంటి అరుదైన జంతువులకు ఆ అడవి నిలయం. అదే నదికి పైన ఉన్న మనం ఆమాత్రం చేసుకోలేమా?

పెద్ద ఖర్చు అక్కర లేదు. హోటళ్లు, సిమెంటు బొమ్మలు అసలే వద్దు. సదర్మాట్ వద్ద గట్టు వెంట కిలోమీటరు, రెండు కిలోమీటర్ల కాలిబాట, నీటివైపు గట్టి కంచె, నీడకు చెట్లు, కూర్చోవడానికి అరుగులు, తాగునీరు, ఆడవారికి మరుగుదొడ్డి ఉంటే చాలు. పిట్టల పేర్లు, బొమ్మలతో తెలుగులోను, గోండిలోను బోర్డులు పెట్టాలి. బడికి రెండు దుర్భిణులు ఇస్తే ఉపాధ్యాయులే పిల్లలను వంతులవారీగా తీసుకుపోగలరు.

దారి చూపే పని ఎవరికి ఇవ్వాలన్నది కూడా ముందే తేల్చాలి. పులుల కోసం కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ వాసులు తరతరాల ఊళ్లను వదిలి బయటికి వచ్చారు. ఏ పిట్ట ఏ చెట్టు మీద వాలుతుందో వారికి తెలిసినంతగా జీతానికి వచ్చిన వారికి తెలియదు. మొదటి అవకాశం ఆ కుటుంబాల యువకులకు, నదిని నమ్ముకున్న గంగపుత్రులకు దక్కాలి. వల వేసే రేవులకు నడకదారి అడ్డు కాకూడదు. బయటివారి వద్ద వసూలయ్యే రుసుము ఊరి పంచాయతీకి చెందాలి. స్థానికులకు ఉచితంగా ఉండాలి.

జాగ్రత్తల విషయంలో రాజీ పనికిరాదు. కడెం వరద ఎంతటిదో ఈ ప్రాంతానికి చెప్పనక్కరలేదు. 1958లో ప్రాజెక్టుకే గండి పడింది. 2022, 2023 జూలై నెలల్లో వచ్చిన వరదలకు దిగువ పల్లెలు బిక్కుబిక్కుమంటూ గడిపాయి. కనుక వానకాలమంతా ఈ దారి మూసి ఉంచాలి. గోదావరి దిగువన శివారం అభయారణ్యం మొసళ్లకు పేరుపడింది. ఎక్కడైనా సరే, నీటిలోకి దిగనివ్వరాదు. పొద్దు గుంకాక ఎవరినీ ఉండనివ్వరాదు.

జనం వస్తే సీసాలు, ప్లాస్టిక్ సంచులు కూడా వస్తాయని, జంతువులు బెదిరిపోతాయని కొందరు అంటారు. ఆ భయం నిజమే. అందుకే దారి పులుల అడవిలోకి పోకూడదు, ఊరివైపు గట్టునే ఉండాలి. మద్యం, మైకులు, కుక్కలు నిషేధించాలి. ఊరివారే కాపలా ఉంటే ఇవి అమలవుతాయి. ఎవరూ పట్టించుకోని ఒడ్డున చెత్త నేడు కూడా పడుతూనే ఉన్నది గదా!

గట్టు నీటిపారుదల శాఖది, జంతువు అటవీ శాఖది, ఊరు పంచాయతీది. ఒకరిపై ఒకరు నెట్టుకుంటే ఏ పనీ కాదు. నిర్మల్ జిల్లా కలెక్టరు ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి, స్థలం చూపించి, వచ్చే చలికాలం పక్షులు దిగేనాటికి దారి సిద్ధం చేయించాలి. ఖానాపూర్ ప్రాంత సర్పంచులు కూడా గ్రామసభల్లో తీర్మానాలు చేసి పంపాలి. అడగనిదే అమ్మయినా పెట్టదన్నది వారికి తెలియనిది కాదు.