వెంటిలేటర్ ఉంది సరే, ఊపిరితిత్తి మాట ఎవరు విన్నారు?

నరసరావుపేటలో గానీ మాచర్లలో గానీ ఎవరికైనా ఊపిరందడం లేదంటే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ వెంటిలేటర్ ఉందా?" నాయకుల జవాబూ ఒకటే: "ఇన్ని తెప్పించాం." 2020లో పీఎం కేర్స్ నుంచి 50 వేల వెంటిలేటర్లకు 2 వేల కోట్లు ప్రకటించారు. మంచిదే, కాదనను. పెట్టెల లెక్క చెప్పి చేతులు దులుపుకోవడం మీదే నా గొడవంతా.

వెంటిలేటర్ సీలింగ్ ఫ్యాన్ కాదండీ, మూడు మీద పెట్టి వదిలేయడానికి. ఏఆర్‌డీఎస్‌లో ఊపిరితిత్తిలో నీరు చేరి కొన్ని గాలిగదులు మూసుకుపోతాయి. మూతపడకుండా, ఊపిరి వదిలాక కూడా లోపల కొంత ఒత్తిడి నిలబెడతారు. దాన్నే పీప్ అంటారు. పీప్ పెంచితే ఒకరికి మూసుకున్న గదులు తెరుచుకుంటాయి. ఇంకొకరికి అవేమీ తెరుచుకోవు సరికదా, బాగున్నవి కాస్తా సాగి దెబ్బతింటాయి. ఎవరికి ఏది జరుగుతోందో తెలియాలంటే కొలవాలి.

కొలవడమేమీ బ్రహ్మవిద్య కాదు. రోగి సొంతంగా ఊపిరి తీయకుండా ఉన్నప్పుడు, గాలి లోపలికి వెళ్ళాక అర సెకను ఆపే బటన్ నొక్కాలి. అప్పుడు కనిపించేది ప్లాటో ప్రెషర్. అందులోంచి పీప్ తీసేస్తే డ్రైవింగ్ ప్రెషర్. పీప్ 8, ప్లాటో 24 ఉందనుకోండి, తేడా 16. అంతే గాలి ఇస్తూ పీప్ 12 చేశారు. ప్లాటో 26కి వస్తే తేడా 14, అంటే ఊపిరితిత్తి తెరుచుకుంటున్నట్టు. ప్లాటో 32కి పోతే తేడా 20, అంటే సాగదీస్తున్నట్టు. దాంతోపాటు బీపీ పడిపోతోందేమో కూడా చూడాలి. ఇంతే లెక్క!

"ఆక్సిజన్ 95 చూపిస్తోందిగా, ఇంకేం కావాలి?" అంటారా? అమెరికాలో 861 మందిపై చేసి 2000లో ప్రచురించిన పరిశోధన చూడండి. ఎక్కువ గాలి కొట్టినవాళ్ళకే మొదటి రోజుల్లో ఆక్సిజన్ మెరుగ్గా ఉంది. చనిపోయింది మాత్రం వాళ్ళలో 39.8 శాతం, తక్కువ గాలి ఇచ్చినవాళ్ళలో 31 శాతం. మా భాషలో చెప్పాలంటే డ్యాష్‌బోర్డంతా పచ్చగా ఉంటుంది, సర్వర్ మాత్రం లోపల కాలిపోతుంటుంది.

పోనీ ఒత్తిడి బాగా పెంచి గదులన్నీ బలవంతంగా తెరిచేస్తే? 2017లో వచ్చిన ఆర్ట్ అనే పరిశోధనలో, 1,010 మంది మీద అదీ చూశారు. 28 రోజుల్లో మరణాలు 49.3 నుంచి 55.3 శాతానికి పెరిగాయి. కాబట్టి అందరికీ ఒకే అంకె పెట్టడమూ తప్పే, గుడ్డిగా పెంచడమూ తప్పే.

ఇవన్నీ పెద్ద ఊళ్ళ ముచ్చట్లు అనే వాదన ఒకటుంది. నేనొప్పుకోను. పత్తి, మిరప పండే నేల మనది. పురుగుమందు లోపలికి పోతే ఊపిరి కండరాలు చచ్చుబడతాయి, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ఏఆర్‌డీఎస్ రావచ్చు. కరోనా తగ్గిందని ఈ అవసరం తగ్గలేదు. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో గొట్టం ఊడితే క్షణాల్లో ఆ పీప్ పోతుంది, తెరుచుకున్న గదులు మళ్ళీ మూతపడతాయి. ఇది తెలిసిన మనిషి అంబులెన్సులో ఉండొద్దూ?

2022లో పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. సంతోషం. ఇక అడగాల్సింది "ఎన్ని వెంటిలేటర్లు?" అని కాదు. రాత్రి రెండింటికి దాని పక్కన ఎవరుంటారు? వాళ్ళకు శిక్షణ ఇచ్చారా? ప్లాటో, డ్రైవింగ్ ప్రెషర్లు కేసుషీటులో రాస్తున్నారా? రోగి బరువును బట్టి కాక ఎత్తును బట్టి గాలి లెక్క కడుతున్నారా? ఇవి అడగండి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే తంతు ఇకనైనా చాలించమనండి.

ఏమంటారు?