ముక్క ల్యాబులో.. ప్రాణం బళ్లారిలో

ఆపరేషన్ అయిపోయింది. గడ్డ తీసేశారు. డిశ్చార్జి కాగితం చేతికిచ్చారు. అందులో చివరి వరుసల్లో ఎక్కడో, బయాప్సీ రిపోర్టు ఇంకా రావాల్సి ఉందని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఎప్పుడొస్తుందో ఉండదు. ఎవర్ని అడగాలో ఉండదు. కౌంటర్లో అడిగితే 'ఒందు వార బిట్టు బన్ని' అంటారు. వారం ఆగి, రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి బెంగళూరులో దిగి, ఆటో పట్టుకుని వెళ్తే 'ఇన్నూ బందిల్ల, నాళె బన్ని'. క్యాన్సర్ ఆపరేషన్‌కు బళ్లారి, సిరుగుప్ప, సండూరు వైపు నుంచి బెంగళూరు వెళ్లొచ్చిన ఇళ్లల్లో ఈ రెండు కన్నడ మాటలూ కంఠతా వచ్చేసి ఉంటాయి.

ఆపరేషన్‌కు ముందు భయం ఒక రకం. అప్పుడు చేతినిండా పని ఉంటుంది. డబ్బు సర్దాలి, రక్తం ఇచ్చేవాళ్లను వెతకాలి, కార్డు పట్టుకుని నాలుగు కిటికీలు తిరగాలి. తర్వాతి ఎదురుచూపు అలా కాదు. చెయ్యడానికేమీ ఉండదు. కుట్లు మానుతుంటాయి, మనసు మాత్రం మానదు. పైగా చుట్టాల ఫోన్లు. 1953లో గీత గీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను అటు, బళ్లారిని ఇటు పెట్టారు గానీ పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఆగలేదు. అందుకే 'ఏమన్నారంట?' అని అడిగేవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉంటారు. 'ఇంకా రాలేదు పెద్దమ్మా' అని రోజుకు పదిసార్లు చెప్పే పని ఇంట్లో ఒకరి మీద పడుతుంది. 'అమ్మకు మాత్రం చెప్పొద్దు' అనే కట్టుబాటు ఒకటి ఎలాగూ ఉంటుంది. ఫోనొచ్చిన ప్రతిసారీ కొడుకు వాకిట్లోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడుతుంటే, లోపల మంచం మీదున్న మనిషికి ఇంకేం చెప్పాలి?

అసలు ఆ ముక్కకు అన్ని రోజులెందుకు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు దొరకరు గానీ, జవాబు మాత్రం ఉంది. ఒంట్లోంచి తీసిన ముక్కను ముందు ఫార్మలిన్‌లో వేస్తారు. అది కుళ్లకుండా ఆపే మందు నీళ్లు. రొమ్ము క్యాన్సర్ ముక్కయితే కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు అందులో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. తక్కువైనా ఎక్కువైనా తర్వాత చేసే హార్మోన్ పరీక్షలు తప్పుదారి పట్టొచ్చు. ఆ తర్వాత పాథాలజీ డాక్టరు ముక్కను కొలిచి, అంచులకు రంగు పూసి, అనుమానం ఉన్నచోటల్లా చిన్న చిన్న ముక్కలు కోస్తారు. కొవ్వులో దాక్కున్న లింఫు గ్రంథుల్ని వేళ్లతో తడిమి వెతుకుతారు. పెద్దపేగు క్యాన్సరయితే కనీసం 12 గ్రంథులైనా చూడాలి, లేకపోతే జబ్బు పాకలేదని గట్టిగా చెప్పలేరు. రాత్రంతా యంత్రంలో నీరు లాగేసి, మైనంలో బిగించి, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరలుగా కోసి, రంగులద్ది, అప్పుడు గానీ మైక్రోస్కోపు కిందికి పోదు.

గుట్కా, పొగాకు పుణ్యమా అని నోటి క్యాన్సర్లు ఈ వైపు తక్కువేం కాదు. వాటిల్లో దవడ ఎముక కూడా తీయాల్సి వస్తే ఇంకో చిక్కు. ఎముకను మైనంలా కోయలేరు కదా. ఆమ్లంలో నానబెట్టి మెత్తబడేదాకా ఆగాలి. దానికే రోజులు పడుతుంది. రొమ్ము ముక్కకయితే హార్మోన్ పరీక్షలు, హెర్-2 పరీక్ష. హెర్-2 అటూ ఇటూ కాకుండా మధ్యలో తేలితే ఫిష్ అనే మరో పరీక్ష. అన్నీ కలిపి వారం పది రోజుల నుంచి మూడు వారాల దాకా పోవచ్చు.

'ఆపరేషన్ చేస్తుండగానే అరగంటలో చెప్పారు కదా, ఇప్పుడెందుకు ఇన్ని రోజులు?' అని కొందరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అది ఫ్రోజెన్ సెక్షన్. ముక్కను గడ్డకట్టించి, గబగబా కోసి చూసేది. కత్తి ఎక్కడ ఆపాలో సర్జన్‌కు చెప్పడానికి పనికొస్తుంది. ఆ తర్వాత ఏ వైద్యమో తేల్చడానికి అది చాలదు.

అంటే ల్యాబులో ముక్క గడిపే రోజుల్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. తొందరపెట్టడమూ మంచిది కాదు. ఈ రెండు పేరాల్లో ఉన్న సంగతి ఆపరేషన్ గది బయట నిలబడ్డ కుటుంబానికి ఎవరైనా రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. డాక్టరే చెప్పనక్కర్లేదు, నర్సమ్మ చెప్పినా చాలు. దవడ ఎముక మెత్తబడడానికి ఇన్ని రోజులు పడుతుందని తెలిసిన ఇంట్లో జనం అన్ని రోజులూ ఓపిక పడతారు. తెలియని ఇంట్లో మూడో రోజు నుంచే 'బాగా ముదిరిందేమో, అందుకే చెప్పడం లేదు' అని మొదలవుతుంది.

తప్పుపట్టాల్సింది రిపోర్టు తయారయ్యాక జరిగే ఆలస్యాన్ని. సంతకమైన రిపోర్టు కౌంటర్ అరలో పడి ఉంటుంది, మనుషులేమో మూడొందల కిలోమీటర్ల అవతల ఉంటారు. నోటి క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అవసరమని తేలితే ఆరు వారాల్లోపే మొదలుపెట్టాలని వైద్యులు చెబుతారు. ఆ ఆరు వారాల్లో రెండు మూడు ముక్క పరీక్షకే పోతాయి. రేడియేషన్‌కు ముందు పళ్లు చూపించుకోవాలి, మాస్కు చేయించాలి, మిషన్ మీద వంతు దొరకాలి. ఇంకా 'నాళె బన్ని'లకు వారాలు ధారపోస్తే ఏం మిగులుతుంది?

ఇంకో రకం ఇళ్లున్నాయి. అసలు రిపోర్టుకే వెళ్లరు. 'గడ్డ తీసేశారు కదా, ఇంకేముంది' అనుకుంటారు. ఆసుపత్రి నుంచి ఫోనూ రాదు. ఏడాదికి మళ్లీ అక్కడే వాపొస్తే అప్పుడు పాత కాగితాలు వెతుకుతారు. ఊళ్లలోని చిన్న నర్సింగు హోముల్లో జరిగే ఆపరేషన్ల కథ మరీ అన్యాయం. ముక్కను ఏదో ఓ డబ్బాలో వేసి బంధువుల చేతికిచ్చి ల్యాబులో ఇచ్చి రమ్మంటారు. ముక్కకు పదింతలు ఉండాల్సిన ఫార్మలిన్ అడుగున ఇంత ఉంటుంది. కొన్నిచోట్ల అదీ లేదు. 'మామూలు గడ్డే' అని తీసి పారేస్తారు. తీసిన ప్రతి గడ్డా పరీక్షకు పోవాల్సిందేనని ఇప్పటికీ చెప్పాల్సి రావడం సిగ్గుచేటు.

ఇక భాష సంగతి. బళ్లారి తెలుగువాళ్లకు కన్నడం అడ్డమని ఎవరూ అనరు. ఇంట్లో ఓ భాష, బజార్లో ఓ భాష పుట్టినప్పటి నుంచీ అలవాటే. చిక్కేమిటంటే రిపోర్టు ఆ రెండింట్లోనూ ఉండదు. పైగా అందులోని ఇంగ్లిషు ఇంజినీరింగు చదివిన మనవడికీ అర్థం కాదు. ఇప్పుడు కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో రిపోర్టు నేరుగా ఫోన్‌కే వస్తోంది. మంచిదే, ఓ రైలు చార్జీ మిగులుతుంది. కానీ డాక్టరు చూడకముందే ఇంట్లోవాళ్లు చదివేస్తారు. 'పాజిటివ్' అని కనబడగానే ఏడుపులు. గ్రంథులు పాజిటివ్ అంటే జబ్బు అక్కడిదాకా పాకిందని, అది దిగులుపడాల్సిందే. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ అంటే మాత్రం రోజుకో మాత్రతో లొంగదీసే దారి ఒకటి ఉందని. అంచులు నెగెటివ్ అంటే జబ్బు మొత్తం తీయగలిగారని, సంతోషించొచ్చు. అదే హార్మోన్ నెగెటివ్ అంటే ఆ మాత్రల దారి మూసుకుపోయిందని. ఒకే కాగితంలో ఒకే మాట ఒకచోట తీపి, ఒకచోట చేదు. ఇది విడమరిచి చెప్పే మనిషి లేకుండా రిపోర్టు ఒక్కటే పంపడం సగం పనే.

ఆసుపత్రుల వైపు నుంచీ ఓ మాట ఉంది. రద్దీ ఎక్కువ, పాథాలజీ డాక్టర్లు తక్కువ, ఒక్కొక్కరి బల్ల మీద స్లైడ్ల గుట్టలు. నిజమే. వాళ్లను ఇంకా పరుగెత్తించమని ఎవరూ అడగడం లేదు. డిశ్చార్జి కాగితం మీద ఓ తేదీ, ఓ ఫోన్ నంబరు రాయడానికి పాథాలజీ డాక్టరుతో పనేముంది? కుట్లు తీయించుకోవడానికి ఎలాగూ ఓసారి రావాలి. రిపోర్టూ ఆ రోజుకే కుదిరేలా చూస్తే రెండు ప్రయాణాలు ఒకటవుతాయి. ఆ రోజుకు కాదని తెలిస్తే ముందురోజే చెప్పొచ్చు. రిజర్వేషన్ చేసే రైల్వేకు రైలు ఆలస్యమని సందేశం పంపడం చేతనవుతున్నప్పుడు, ప్రాణాల లెక్క చూసే చోట చేతకాకపోవడమేమిటి?

రోగి వైపువాళ్లూ కొన్ని తెలుసుకోవాలి. వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నియమావళి చెబుతోంది. అడగడం దయాభిక్ష కాదు. మరో డాక్టరుకు చూపించాలనుకుంటే రిపోర్టు జిరాక్సు ఒక్కటే సరిపోదు, స్లైడ్లు, మైనం దిమ్మె కూడా అడిగి తీసుకోవాలి. మళ్లీ పరీక్ష చేయాలంటే ఆ దిమ్మెలోంచే చెయ్యాలి. బీరువాలో ఎండకు కరగకుండా దాచుకోవాలి. వైద్యానికి రైల్లో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో చార్జీ ఉండదు, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గుతుంది. దానికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. ఆపరేషన్‌కు వెళ్లినప్పుడే రాయించుకుంటే మేలు. అయితే రోగిని ఇంట్లో వదిలేసి రిపోర్టు కోసం కొడుకొక్కడే వెళ్తే ఈ రాయితీ వర్తించదు. జనం ఎక్కువగా చేసే ప్రయాణం అదే.

అందుకే అడిగేదల్లా ఒక్క ఫోను. 'రిపోర్టు వచ్చింది, ఫలానా రోజు ఇన్ని గంటలకు డాక్టరు కూర్చుని చెబుతారు, అమ్మను కూడా తీసుకురండి' అనో, 'ఇంకో నాలుగు రోజులు పడుతుంది, ఇవాళ బయల్దేరకండి' అనో. సాయంత్రంలోగా ఆ మాట వస్తే, రాత్రికి హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలో వద్దో ఇంట్లోనే తేల్చుకుంటారు.