పాకశాల: తోలుతో పులిసిన రుచి

మహానగరముల హోటళ్లలో నిప్పుడు ‘ఆరెంజి వైను’ అను నొక మద్యమునకు ప్రశంస మెండుగా జరుగుచున్నది. పేరు విని నారింజపండ్ల రసమని భ్రమింపరాదు. అందు నారింజ లేశమును లేదు. తెల్లద్రాక్షను పిండినప్పుడు సామాన్యముగా తోలును, గింజలను తీసివేసి రసమును మాత్రమే పులియబెట్టుదురు. అట్లు తీసివేయక, తోలుతో గూడ కొన్ని దినములు గాని కొన్ని నెలలు గాని యుంచినచో రసమునకు పండునారింజ వన్నె వచ్చును. పేరు ఆ రంగునుబట్టి వచ్చినదే. జార్జియా దేశమున గ్రుడ్డువంటి పెద్ద మట్టిబానలకు లోపల తేనెమైనము పూసి, మెడవరకు నేలలో పాతి, ఈ విధముగా చేయుదురు. ఆ బానను ‘క్వెవ్రీ’ యందురు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో మానవజాతి వారసత్వములలో నొకటిగా గుర్తించినది. త్రవ్వకములలో దొరికిన కుండపెంకులనుబట్టి అచ్చట ద్రాక్షమద్యము ఎనిమిదివేల యేండ్లనాటిదని 2017లో పరిశోధకులు ప్రకటించిరి.

మన పెద్దలు రుచులను తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు అని ఆరుగా విభజించిరి. ఆ మద్యమున పులుపుతోపాటు వగరు ముఖ్యమని దాని నెరిగినవారు చెప్పుదురు. ఆ వగరు ద్రాక్షతోలునుండియు, గింజనుండియు దిగినది. నేరేడుపండు తిన్నపుడు నాలుక పట్టుకొనినట్లుండుటయే వగరు. అట్టి పానీయమునకు చప్పని వంటకము సరిపడదనియు, నూనె, ఉప్పు, సంబారములు గల వంటకములే తగుననియు వారి సిద్ధాంతము. నూనె వగరును శమింపజేయును. పులుపు నూనెయొక్క వెగటును తీసివేయును. ఇంతియే యందలి రహస్యము. దీనిని తెలిసికొనుటకు సీసా కొననక్కరలేదు. మన చిత్తూరు, తిరుపతి సీమల అంబలికుండలో ఈ రహస్యమంతయు నున్నది.

రాగులు మిక్కిలి చిన్నగింజలు. వడ్లవలె దంచి పొట్టు తీయక, తోలుతోనే విసరి పిండి చేయుదుము. పిండియొక్క ముదురువన్నెయు, అందలి వగరును ఆ తోలువే. దానిని నీట గలిపి రాత్రియంతయు నుంచినచో పులుపు పుట్టును. కావున తోలుతో పులియుటయను ధర్మమున మన అంబలి ఆ జార్జియాబానకు చెల్లెలు. భేదమెక్కడనగా, ద్రాక్షలోని చక్కెరను ఈస్టు మద్యముగా మార్చును. రాగిపిండిలో ప్రధానముగా పనిచేయునవి పాలను పెరుగుగా తోడుకొలుపు జాతి సూక్ష్మజీవులు. అవి పుట్టించునది లాక్టిక్ ఆమ్లము. అదియుగాక మరునాడు మనము పిండిని ఉడికింతుము.

చేయు విధము: సాయంకాలము ఒక గిన్నెడు పిండిని రెండు గిన్నెల నీట ఉండలు లేకుండ కలిపి, మట్టికుండలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టవలెను. పలమనేరు మట్టిపనికి పేరుపడిన యూరు గనుక మంచి కుండ మనకు దుర్లభము కాదు. ఎండకాలమున ఎనిమిది గంటలు చాలును; చలికాలమున పండ్రెండు గంటలు పట్టవచ్చును. ఉదయమున నాలుగు గిన్నెల నీరు మరగించి, పులిసిన పిండిని పోసి, అడుగంటకుండ కలియబెట్టుచు చిక్కబడువరకు ఉడికింపవలెను. చల్లారిన పిమ్మట ఉప్పు, మజ్జిగ చేర్చవలెను. కుండలో బూజు కనబడినను, కుళ్లువాసన వచ్చినను పారబోయవలెనేగాని ఉడికించి వాడరాదు.

మజ్జిగ చేర్చకముందు ఒక గ్రుక్క నోట నుంచుకొని పరీక్షింపుడు. మొదట పులుపు, పిదప తొలివాన నేలవంటి గింజవాసన, తుదకు చెంపలలోపల సన్నని వగరు తెలియును. వేరుసెనగలు, మిరపకాయలు చేర్చి నూరిన ఊరుబిండి దీనికి మొదటి తోడు. గింజలలోని నూనె వగరును అణచును. పచ్చి యెర్రగడ్డయు, వేచిన మజ్జిగమిరపకాయయు చక్కగా తగును. మామిడికాయ ఊరగాయ మిక్కిలి కొంచెమే యుండవలెను. పులుపుపై పులుపు పడినచో రెండును చెడును. కాకరకాయకూర తగదు, చేదు వగరును హెచ్చించును.

ఇక నొకమాట. ‘సహజము, ఏ మందును కలుపనిది’ యని చెప్పి యా మద్యమును స్త్రీలకును చూపుచున్నారు. సహజమైనంత మాత్రమున నిర్దోషమగునా? ఉమ్మెత్తయు సహజమే. ఆయుర్వేదమున ద్రాక్షాసవాదులు గలవు గదా యందురేమో. అవి మోతాదు గల మందులు, భోజనపానీయములు కావు. మద్యము ఏ కొలదియైనను క్షేమము కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది.

మన చిత్తూరు జిల్లాలో 1938 అక్టోబరున రాజాజీ మంత్రివర్గము మద్యనిషేధమును అమలుపరచెను. 1992లో పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగడిపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమెల్ల వ్యాపించి 1995లో నిషేధమునకు దారితీసెను. 1997లో అది సడలింపబడెను. శాసనములు వచ్చును, పోవును. వానికై పోరాడినవారు ఏ బాధను సహింపలేక వీధికెక్కిరో, ఆ బాధ నేటికిని ఎన్నో యిండ్లలో నున్నది.

అంబలి మొరటుకూడని మన బిడ్డలు సిగ్గుపడుచున్నారు. తిట్టినందున వారికి రుచి పట్టదు. పులుపెక్కడ, వగరెక్కడ, దేనికేది తోడో నోట నుంచి చూపినచో పట్టును. రుచి నెరిగిన బిడ్డ రేపు ఏ విందులోనైన సీసాపై వ్రాసిన పేరును చూచి మోసపోదు. ఈ వేసవిలో కుండ కడిగి యెత్తుడు.